ట్రైనర్ చెయ్యెత్తినప్పుడు: కుక్కను కొట్టి నేర్పేవాళ్లతో ఎలా వ్యవహరించాలి

"దండం దశగుణం భవేత్" అన్న మాట పిల్లల విషయంలో కాస్త పాతబడింది గానీ కుక్కల దగ్గర ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. ట్రైనర్ మెడ గొలుసు పట్టి ఒక్క గుంజు గుంజితే కుక్క కుయ్యోమంటుంది. పక్కన కూర్చున్న పెద్దాయన "ఆ మాత్రం భయం ఉండాలి లెండి" అంటారు. మీకు లోపల చివుక్కుమంటుంది. అయినా డబ్బిచ్చి పిలిపించుకున్న మనిషి, పైగా అనుభవజ్ఞుడు, ఏమంటాం అని ఊరుకుంటారు. ఆ మొహమాటం పక్కన పెట్టి ఎప్పుడు ఏం అడగాలో, ఏం చూడాలో, ఎక్కడ ఆపాలో వరసగా చూద్దాం.

ముందు ఒక సంగతి. మన దేశంలో కుక్కల ట్రైనర్‌కు ప్రభుత్వ లైసెన్సు అంటూ ఏదీ లేదు. కుక్కపిల్లల్ని పెంచి అమ్మేవాళ్లకు 2017లో, పెట్ షాపులకు 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ట్రైనింగ్‌కు మాత్రం ఎవరైనా విజిటింగ్ కార్డు కొట్టించుకుని దిగిపోవచ్చు. కాబట్టి పరీక్ష పెట్టాల్సింది మీరే.

ఫోన్‌లోనే సగం తేలిపోతుంది

ఫీజు ఎంత, ఎన్ని రోజులు అని మొదలుపెట్టకండి. ముందు ఈ మూడు అడగండి: కుక్క సరిగ్గా చేస్తే మీరేమిస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? మెడకు ఏం వేస్తారు?

పని తెలిసినవాళ్లు వీటికి తడుముకోకుండా జవాబిస్తారు. "ఉడికించిన చికెన్ రెడీగా పెట్టండి, తప్పు చేస్తే ట్రీట్ ఆపేస్తాను, కుక్కకు అందేంత తేలిక చేసి మళ్లీ అడుగుతాను, ఛాతీకి కట్టే హార్నెస్ గానీ మామూలు బెల్ట్ గానీ చాలు" అన్నట్టు ఉంటుంది ఆ జవాబు. "అది నా పద్ధతి, బయటికి చెప్పను", "మీరు లోపలుండండి, మిమ్మల్ని చూస్తే మాట వినదు", "15 రోజుల్లో గ్యారంటీ" అన్నారంటే అక్కడికక్కడే నమస్కారం పెట్టేయండి. ముఖ్యంగా ఆ రెండోది. యజమానిని గదిలో పెట్టి చేసే శిక్షణ యజమానికి ఏమీ నేర్పదు. రేపట్నించి ఆ కుక్కతో ఉండాల్సింది మీరు.

ఇంకో పాట కూడా వినిపిస్తుంది: "కుక్క తోడేలు జాతి, ఆల్ఫా, అంటే మందకు పెద్ద, ఎవరో దానికి తెలియాలి, లేదంటే నెత్తికెక్కుతుంది." దీని పుట్టుక తెలిస్తే వాదించడం తేలిక. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బోనులో పెట్టిన తోడేళ్లను చూసి పెత్తనం కోసం కొట్లాటల గురించి రాశాడు. అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ మెక్ 1970లో తన పుస్తకంతో ఆ ఆలోచనను ఇంకా ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత అదే మెక్ కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మీర్ దీవిలో అడవి తోడేళ్ల వెంట ఏళ్లతరబడి తిరిగి, 1999లో తన మాట తానే దిద్దుకున్నాడు. మంద అంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న సంసారమే తప్ప గద్దె కోసం కొట్లాట కాదని తేల్చాడు. ఆ సిద్ధాంతాన్ని పైకెత్తినవాడే కిందికి దించినా మన దగ్గర ఇంకా దాని పేరు చెప్పి కుక్కల్ని వెల్లకిలా పడేసి గొంతు నొక్కుతున్నారు.

"ఆర్మీలో చేశాను", "పోలీసు డాగ్ స్క్వాడ్‌లో చేశాను" అనేవాళ్లూ ఉంటారు. మీరట్‌లో సైన్యానికి, మొయినాబాద్‌లో మన పోలీసులకు కుక్కల శిక్షణ కేంద్రాలున్న మాట నిజమే. అక్కడినుంచి వచ్చినవాళ్లలో చాలా ఓపికమంతులు కూడా ఉన్నారు. అయితే అక్కడ ఒక కుక్కకు ఒక హ్యాండ్లర్ నెలలతరబడి అంటిపెట్టుకుని ఉంటాడు. మీ ఇంటికి వారానికి మూడు గంటలొచ్చే మనిషి ఆ పేరు చెప్పుకున్నంత మాత్రాన ఆ పని జరగదు. యూనిఫాం సంగతి వదిలేసి చేతుల్ని చూడండి.

మొదటి క్లాసులో ఏం చూడాలి

సాధారణంగా జరిగేది ఇది. ట్రైనర్ వస్తాడు, బ్యాగులోంచి స్టీలు చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) తీసి వేస్తాడు, "సిట్" అని పైకి ఒక్క లాగు లాగుతాడు. అయిదో నిమిషానికి కుక్క కూర్చుంటుంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు.

అదే దృశ్యాన్ని దగ్గరగా చూడండి. గొలుసు మెడ మొదట్లో లేదు, దవడ కిందికి జరిగి చెవుల వెనక బిగుసుకుంది. కుక్క కూర్చుంది గానీ బరువంతా వెనక్కి వాల్చింది, ఒక ముందు కాలు నేలమీద ఆనీ ఆననట్టుంది. నాలుక పదేపదే ముక్కు చివరికి వచ్చిపోతోంది. చెవులు తలకు అతుక్కుపోయాయి. తల ట్రైనర్ వైపు ఉంది, కళ్లు మాత్రం తలుపు వైపు తిరిగి తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తోంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తోంది. తోక పొట్ట కిందికి పోయింది. ఇవన్నీ భయం గుర్తులు. అది నేర్చుకున్నదల్లా గొలుసు బిగిసినప్పుడు పిర్రలు నేలకు ఆనిస్తే ఊపిరాడుతుందని.

ఒక చిన్న పరీక్ష ఉంది. క్లాసు మధ్యలో మీరే వెళ్లి, ఇంట్లో ఎగబడి తినే చికెన్ ముక్క ఒకటి మూతి దగ్గర పెట్టండి. తింటే సరే. వాసన చూసి మొహం తిప్పుకున్నా, నోట్లోకి తీసుకుని కింద పడేసినా ఆ క్లాసులో చదువు ఆగిపోయినట్టే. భయంలో ఉన్న కుక్క తినదు. ఎండకు సొమ్మసిల్లినా తినదు కాబట్టి ఈ పరీక్ష ఏప్రిల్ మధ్యాహ్నం చేయకండి.

చోక్ చైన్‌కు ఇంకో తిరకాసు ఉంది. ఎడమవైపు నడిచే కుక్కకు ఎదురుగా నిలబడి చూస్తే ఆ గొలుసు ఇంగ్లీషు "పి" అక్షరంలా ఉండాలి. తిరగేసి వేస్తే లాగినప్పుడు బిగుస్తుంది గానీ వదిలినప్పుడు సడలదు. సరిగ్గా వేసినా మంచిదేమీ కాదు. కానీ తిరగేసి వేసి అరగంట నడిపించే "నిపుణుడి"కి తన పనిముట్టే తెలియదన్నమాట. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు (మనవాళ్లు ఇప్పటికీ హచ్ కుక్క అంటారే, అదే) మెడమీద ఏ ఒత్తిడీ పనికిరాదు. అసలే ఊపిరి అంతంతమాత్రం. మెడపట్టీ లాగినప్పుడు కంటి లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది, హార్నెస్‌తో ఆ బెడద లేదు.

మిగతావి క్లుప్తంగా. లోపలివైపు ముళ్లుండే ప్రాంగ్ కాలర్ చర్మాన్ని గుచ్చుతుంది, ఒత్తు బొచ్చు కింద పుళ్లు కనిపించకుండా పెరుగుతాయి. కరెంటు షాకిచ్చే కాలర్‌ను వేల్స్ 2010లోనే నిషేధించింది. ఇక్కడ ఆన్‌లైన్‌లో రెండు రోజుల్లో ఇంటికొస్తుంది. "వైబ్రేషన్ మోడ్‌లోనే వాడతాను" అన్నా ఒప్పుకోకండి, మోడ్ మార్చడానికి ఒక బొటనవేలు చాలు. చెవి మెలిపెట్టడం, కాలి వేళ్లు తొక్కడం, ముక్కుమీద కొట్టడం, పేపరు చుట్టి బాదడం, ముందుకాళ్లు గాల్లోకి లేచేలా లీష్ (కుక్కను పట్టుకునే తాడు)తో వేలాడదీయడం: వీటిలో ఏది కనిపించినా రెండో క్లాసు ఉండకూడదు.

"కానీ పని చేస్తోంది కదా"

చేస్తున్నట్టే కనిపిస్తుంది. అదే దీనిలోని మోసం. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కలమీద ఒక కఠినమైన ప్రయోగం చేశారు. తప్పించుకునే దారి లేకుండా షాకులు తిన్న కుక్కల్ని తర్వాత చిన్న గోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టారు. చాలావరకు దూకే ప్రయత్నమే చేయలేదు. మూలుగుతూ పడి ఉన్నాయి. "ట్రైనింగ్ తర్వాత మా వాడు ఎంత సైలెంటయ్యాడో" అని మురిసిపోయే ముందు ఆ కుక్క బొమ్మ చూసి ఎగురుతోందా, మీరు ఇంటికి రాగానే తలుపు దగ్గరికి వస్తోందా చూసుకోండి. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షలతో నేర్పే స్కూళ్ల కుక్కల్లో ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనిపించాయి, క్లాసు తర్వాత లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా ఎక్కువే ఉంది.

రెండో నష్టం వీధిలో బయటపడుతుంది. మన వీధుల్లో పది అడుగులకో కుక్క. మీది దాన్ని చూసి మొరిగింది, ట్రైనర్ జర్క్ ఇచ్చాడు. మొరగడం తప్పని చెప్పానని ఆయన అనుకున్నాడు. కుక్క మటుకు "వీధికుక్క కనబడితే నా మెడ నొస్తుంది" అని లెక్కేసుకుంది. నెల తిరిగేసరికి వందడుగుల దూరంలో కనబడినా మీదపడబోతుంది. "చూశారా, ఇంకా గట్టిగా ఉండాలి" అంటాడాయన.

మూడోది ప్రమాదకరమైనది. గుర్రుమన్నప్పుడల్లా కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. గుర్రుమనడం అంటే హారన్ కొట్టడం. హారన్ పీకేసిన లారీ ఎదురొస్తే ఎలా ఉంటుందో అలాంటి కుక్క పక్కన మూడేళ్ల పిల్లాడు ఉంటే అలా ఉంటుంది. "ఏ సూచనా లేకుండా కరిచింది" అనే కేసుల్లో ఎవరో ఒకరు ముందే ఆ సూచనను కొట్టి మాన్పించి ఉంటారు.

ఆ క్షణంలో ఏం చేయాలి

వాదన పెట్టుకోవద్దు, ముందు లీష్ మీ చేతిలోకి రావాలి. దగ్గరికి వెళ్లి చెయ్యి చాచి, గొంతు పెంచకుండా "అన్నా, ఒక్క నిమిషం ఆపండి, లీష్ ఇటివ్వండి" అనండి. గుంజుకోకండి, ఆ గుంజుడు పడేది కుక్క మెడమీదే. లీష్ రాగానే కుక్కను గదిలో వదిలి, నీళ్లు పెట్టి, తలుపు వేసి రండి. మాట్లాడేది ఆ తర్వాత.

"మీ అనుభవాన్ని తప్పుపట్టడం లేదండీ. మా కుక్కకు కొట్టడం, గొలుసు గుంజడం వద్దు. అవి లేకుండా నేర్పగలిగితే కొనసాగిద్దాం, లేదంటే ఇవాళ్టితో ఆపేద్దాం." ఇంతకుమించి అక్కర్లేదు. "మీరు గారాబం చేసి పాడుచేశారు" అంటారు, "మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది" అంటారు. "సరేనండీ" అని ఊరుకోండి, లీష్ మాత్రం ఇవ్వకండి. నిజంగా మారదలచినవాళ్లూ ఉంటారు. పద్ధతి మార్చుకుంటానంటే మీ ఎదురుగా, మీ హార్నెస్‌తో, పది నిమిషాలు చేసి చూపించమనండి.

డబ్బు దగ్గర ముందుచూపు కావాలి. ప్యాకేజీ మొత్తం ముందే ఇచ్చేస్తే గొంతు పెగలదు. క్లాసుకింత అని గానీ, వారానికోసారి గానీ, యూపీఐలో ఇవ్వండి. "కొట్టడం, చోక్ చైన్, ప్రాంగ్, షాక్ కాలర్ వాడను, వాడితే మిగతా డబ్బు వాపసు" అని వాట్సాప్‌లో రాసి ఆయనతో ఓకే అనిపించుకోండి. ఆ ఒక్క మెసేజ్ తర్వాత చాలా పనికొస్తుంది.

ఇంట్లోవాళ్లది వేరే చిక్కు. ట్రైనర్ వెళ్లిపోయినా ఆయన పద్ధతి మామయ్యగారి చేతికర్రలో మిగిలిపోతుంది. పెద్దవాళ్లతో సిద్ధాంతం మాట్లాడితే ఫలితం ఉండదు. వాళ్ల చేతికే నాలుగు చికెన్ ముక్కలిచ్చి పిలవమనండి. కుక్క పరిగెత్తుకుంటూ తన దగ్గరికే వస్తే ఏ మామయ్యా కర్ర పట్టడు.

బోర్డింగ్‌లో వదిలే శిక్షణ

నెలా నలభై రోజులు వాళ్ల దగ్గరే ఉంచి నేర్పిస్తామనే ఏర్పాటును వీలైనంతవరకు ఒప్పుకోకండి. తప్పదనుకుంటే వదిలే రోజున వెట్ (పశువైద్యుడి) దగ్గర బరువు తూయించి కాగితం మీద రాయించండి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి. చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు అనే షరతు పెట్టండి. "కుక్క డిస్టర్బ్ అవుతుంది, పది రోజులు రావద్దు" అంటే అక్కడ వదలకండి. తెచ్చుకున్న రోజున మళ్లీ తూయించండి. మెడచుట్టూ బొచ్చు ఊడిన గీత, మోచేతుల మీద పుండ్లు, అరిగిన గోళ్లు, విరిగిన పన్ను, చెయ్యి ఎత్తితే నక్కడం చూడండి. కొత్త చోటునుంచి రాగానే రెండు రోజులు ఎక్కువ నిద్రపోవడం మామూలే. దాన్ని మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

దెబ్బ తగిలితే: వెట్, ఆ తర్వాత ఫిర్యాదు

మొదట వెట్ దగ్గరికి. మెడ, గొంతు, కళ్లు, చెవులు, పళ్లు, వెన్ను చూడమని విడివిడిగా అడగండి. నీళ్లు తాగాక దగ్గుతుంటే, మొరుగు గొంతు మారితే చెప్పండి. తేదీతో, గాయం ఎక్కడో స్పష్టంగా చీటీలో రాయించుకోండి. నొప్పికని మన ఇంట్లోని ఐబుప్రొఫెన్ మాత్రలు ఇవ్వకండి, కుక్కకు విషం. పారాసిటమాల్ కూడా సొంతంగా వద్దు.

చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. జంతు హింస నివారణ చట్టం 1960, సెక్షన్ 11 ప్రకారం కొట్టడం, హింసించడం, మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో చాలాసేపు కట్టేయడం నేరాలే. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అవును, అచ్చుతప్పు కాదు. పైగా కొట్టడం కింద కేసుకు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు, నేరం జరిగిన మూడు నెలల్లోపే ప్రాసిక్యూషన్ మొదలవ్వాలి. కుక్క చనిపోయినా, అవయవం పనికిరాకుండా పోయినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 వర్తిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షన్ కింద అయిదేళ్లవరకు జైలు పడొచ్చు. స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చేటప్పుడు వెట్ చీటీ, వీడియో, ఆ వాట్సాప్ మెసేజ్ జతచేయండి. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉన్న భారత జంతు సంక్షేమ మండలికి ఒక ప్రతి పంపండి.

డబ్బు రాబట్టుకోవడానికి వినియోగదారుల దారి మేలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ముందు అక్కడ నమోదు చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో రివ్యూ రాస్తే తేదీ, జరిగింది, వెట్ రాసింది, అంతవరకే. "కసాయివాడు" అని రాస్తే పరువునష్టం నోటీసు మీకే వస్తుంది.

కుక్కను మళ్లీ మామూలు చేసుకోవడం

మొదటి రెండు వారాలు ఏ కమాండూ వద్దు. చోక్ చైన్‌ను ఇంట్లోంచే తీసేయండి, తాళాల గుత్తి చప్పుడుకే వణికే కుక్కలుంటాయి. ఛాతీమీద "వై" ఆకారంలో వచ్చే హార్నెస్ కొనండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకుని సైజు చూడండి, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. లీష్ రెండు మీటర్లు. ఇరవై నిమిషాలు దానికి ఇష్టమైన చోటల్లా వాసన చూడనివ్వండి. ఎండాకాలంలో తెల్లవారకముందో, రాత్రి ఎనిమిది దాటాకో. చెయ్యి తిప్పి అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు దాని పాదాలకూ పనికిరాదు.

తర్వాత చేతి భయం పోగొట్టాలి. ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను బఠాణీ గింజంత ముక్కలు చేయండి. ఒక్కో విడతకు పదిహేను ముక్కలు, రెండు మూడు నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. ఆ మేరకు రాత్రి తిండి తగ్గించండి. ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నేలమీద కూర్చోండి. ఖాళీ అరచెయ్యి దాని ముక్కుకు జానెడు దూరంలో పెట్టండి. అదే వచ్చి ముక్కు ఆనించగానే "గుడ్" అని, సెకను దాటకుండా రెండో చేత్తో ముక్క. అయిదుకు అయిదుసార్లు వస్తేనే తర్వాతి మెట్టు: చెయ్యి మెడవైపు సగం దూరం, ముక్క; బెల్ట్ తాకడం, ముక్క; ఒక సెకను పట్టుకోవడం, ముక్క. రెండుసార్లు వెనక్కి తగ్గిందంటే మీరు తొందరపడ్డారు, ఒక మెట్టు దిగండి. ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ముక్క ముందు చూపించి తర్వాత చెయ్యి చాచడం. అలా చేస్తే చేతి భయం పోదు, చికెన్ మీద కూడా అనుమానం మొదలవుతుంది. ఎప్పుడూ చెయ్యి ముందు, చికెన్ తర్వాత.

"సిట్" అనగానే నక్కి కూర్చుంటే ఆ మాట చెడిపోయిందని అర్థం. దాన్ని బాగుచేయడం కంటే పారేయడం తేలిక. "కూర్చో" అని మొదటినుంచి నేర్పండి. కుక్కకు ఇంగ్లీషు రావాలని ఎక్కడా లేదు.

వీధికుక్కల దగ్గర దూరమే మందు. మీది వాటిని చూస్తూ కూడా తినగలిగే దూరం వెతకండి. ముప్పై మీటర్లు కావొచ్చు, యాభై కావొచ్చు. చూసింది, ముక్క. చూసింది, ముక్క. లీష్ బిగుసుకుందంటే దగ్గరికొచ్చేశారు, వెనక్కి తిరిగి నడవండి. మలుపు తిరగగానే ఎదురుపడితే గుప్పెడు ముక్కలు నేలమీద చల్లండి, తల కిందికి వంగిన కుక్క కొట్లాటకు దిగడం అరుదు. ఈ పని వారాలు పడుతుంది, కొన్ని కుక్కలకు నెలలు.

అప్పటికే ఎవరినైనా కరిచి ఉంటే ముందు ఆ మనిషి సంగతి: గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, కుక్కకు టీకా ఉన్నా సరే, ఆస్పత్రికి. బయటికి తీసుకెళ్లేటప్పుడు నోరు తెరిచి వగర్చడానికి వీలుండే బుట్ట లాంటి చిక్కం వేయండి. దాన్ని కూడా చికెన్ పెట్టి వారం రోజులు మెల్లగా అలవాటు చేయండి, తప్పు చేసినప్పుడు వేసే శిక్షగా మాత్రం వాడకండి.

కొత్త ట్రైనర్‌ను పిలిచినప్పుడు మొదటి రోజు కుక్కను తాకవద్దని ముందే చెప్పండి. లోపలికొచ్చి, కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుని, కుక్క వైపు చూడకుండా ముక్కలు ఒక్కొక్కటే దాని వెనకవైపు విసరమనండి. ముక్క కోసం వెనక్కి వెళ్లి, మళ్లీ తనంతట తాను ఆయన బూట్ల దగ్గరికొచ్చి వాసన చూసిన రోజున క్లాసు మొదలుపెట్టండి.